ముక్కు మేస్త్రికి జలుబు చేసిన రోజు

పోయిన వారం మిరపకాయను విచారణ గది తలుపు బయట నిలబెట్టి వచ్చాం. చేతిలో పళ్ళెం, పళ్ళెంలో మూతలు పెట్టిన రెండు స్టీలు గ్లాసులు, కడుపులో ఇరవై రోజుల కోపం. ఆ పేరు ఆమెకు కన్నవాళ్ళు పెట్టింది కాదు, పాల ఫ్యాక్టరీలో తోటివాళ్ళు పెట్టింది. ఎందుకు పెట్టారో ఈ వారం చదివితే మీకే తెలుస్తుంది. ఆమె ల్యాబులో పాలు పరీక్ష చేస్తుంది. ఆమె తండ్రిని అందరూ ముక్కు మేస్త్రి అంటారు. పొద్దున్నే లారీల్లోంచి దిగే ఒక్కో క్యాను మూత తీసి, క్షణంసేపు ముక్కు ఆనించి ఆయన "పోనీ" అంటే పాలు పెద్ద ట్యాంకులోకి వెళతాయి, "పక్కకి" అంటే వెళ్ళవు. ల్యాబు యంత్రాలు పులుపు పట్టుకుంటాయి, నీళ్ళు పట్టుకుంటాయి, వెన్న ఎంతో చెబుతాయి. వాసన మాత్రం వాటికి తెలియదు. పంతొమ్మిదేళ్ళుగా ఆ పని ఆ ఒక్క ముక్కుదే.

ఇరవై రోజుల క్రితం ఆ ముక్కు జలుబుతో పూర్తిగా మూసుకుపోయింది. ఆ పొద్దున, కడిగే మందు సరిగ్గా వదలని నాలుగు క్యాన్లు "పోనీ" అనిపించుకుని ట్యాంకులోకి పోయాయి. మర్నాడు ఒక హాస్టల్లో ఇరవై ఏడు మంది పిల్లలు వాంతులతో ఆసుపత్రిలో చేరారు. అందరూ కోలుకుని ఇళ్ళకు వెళ్ళారు గానీ, మేస్త్రి ఉద్యోగం ఈ రోజు విచారణతో ఉంటుందో ఊడుతుందో తేలిపోతుంది. అంత జరిగినా ఆయన నోట ఒక్కటే మాట. "నా ఇష్టంతోనే వచ్చాను. నన్నెవరూ రమ్మనలేదు." ఎందుకలా అంటున్నాడో కన్న కూతురికి కూడా చెప్పడు.

మిరపకాయ భుజంతో తలుపు నెట్టింది.

లోపల మేనేజరు మాట్లాడుతున్నాడు. బల్లకు అటువైపు హెడ్డాఫీసు నుంచి వచ్చిన విచారణాధికారి, ఒక చేతిలో కలం, ఇంకో చేతిలో ఉండచుట్టిన రుమాలు పట్టుకుని వింటున్నాడు. గోడవారగా బెంచీ చివర మేస్త్రి, మోకాళ్ళ మధ్య చేతులు పెట్టుకుని, నేలమీది రాళ్ళు లెక్కపెడుతున్నట్టు కూర్చున్నాడు.

"మనిషన్నాక జలుబూ జ్వరం రాకుండా ఉంటాయా సార్?" అంటున్నాడు మేనేజరు. "ఒంట్లో బాగోలేనివాళ్ళు పనిలోకి రావద్దని గేటు దగ్గర గోడమీద రాయించింది నేనే. ఈయనకి బాగోలేదని నాకు తెలియనే తెలియదు. తెలిస్తే రానిచ్చేవాణ్ణా? చెప్పకుండా వచ్చి, అంత ఘాటు వాసన కూడా పట్టించుకోకుండా వదిలేశాడు. అదీ మా బాధ."

మా బాధ అన్నప్పుడు గుండెమీద చెయ్యి కూడా వేసుకున్నాడు. కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లి తననెవరూ చూడటం లేదనుకుంటుందట. ఈ పిల్లి పాల ఫ్యాక్టరీకే మేనేజరైంది.

"ఎవరమ్మా మీరు?" అన్నాడు విచారణాధికారి, గొంతు సవరించుకుంటూ. గొంతు సవరించుకోవడం కాస్తా దగ్గుగా మారి, దగ్గు తగ్గేవరకూ అందరూ ఆగాల్సి వచ్చింది.

"ఇక్కడే ల్యాబులో పనిచేస్తానండీ. ఆయన కూతుర్ని."

"సాక్షుల జాబితాలో మీ పేరు లేదే?"

"లేదండీ. పిలుస్తారని ఇరవై రోజులు చూశాను. పిలవలేదు కాబట్టి పిలవని పేరంటానికే వచ్చాను." పళ్ళెం బల్లమీద పెట్టింది. "మేనేజరుగారు గోడమీది రాత గురించి చెప్పారు. నిజమే, ఆయనే రాయించారు. దాని పక్కనే ఇంకో బోర్డుంది. అది చెప్పడం మర్చిపోయినట్టున్నారు."

"అమ్మా, ఇది విచారణ..." అని లేవబోయాడు మేనేజరు.

"సెలవు లేని రోజులు అని ఉంటుంది సార్ ఆ బోర్డు మీద. రోజూ పొద్దున సుద్దముక్కతో అంకె మారుస్తారు. నూట నలభై, నూట నలభై ఒకటి, అలా. ఎవరైనా ఒక్కరు సెలవు పెట్టారా, అంకె చెరిపేసి సున్నా వేస్తారు. వేసి ఊరుకోరు, కింద ఆ మనిషి పేరు రాస్తారు. ఆ రోజంతా గేటు దాటే ప్రతివాళ్ళూ ఆ పేరు చదువుకుంటూ లోపలికొస్తారు. పురిటి నొప్పులొచ్చి వెళ్ళిన ప్యాకింగు పిల్ల పేరు కూడా రాశారండీ! బిడ్డను కన్నందుకు! రావద్దని గోడమీద రాస్తారు, రాకపోతే బోర్డుమీద రాస్తారు. మధ్యలో మనిషి ఎటు చావాలి సార్?"

"అది ప్రోత్సాహం కోసం పెట్టిందమ్మా," అన్నాడు మేనేజరు. "నలుగురిలో పట్టుదల రావాలని. నీకు తెలియదా? ఆ బోర్డు పక్కన మీ నాన్న ఫోటోయే పెట్టాం. పంతొమ్మిదేళ్ళలో ఒక్క సెలవు పెట్టని మనిషి అని."

"పెట్టారు. ఇరవై రోజుల కింద పీకేశారు. మేకు మాత్రం ఉంచారు, ఇంకెవరినైనా తగిలించడానికి."

విచారణాధికారి రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. నవ్వు దాచుకున్నాడో తుమ్ము ఆపుకున్నాడో తెలియలేదు. మేస్త్రి మాత్రం తల ఎత్తలేదు. ఆ వంచిన తల చూస్తే మిరపకాయకు మేనేజరు మీద ఉన్న కోపానికి రెండింతలు కోపం తండ్రి మీద వచ్చింది. ఉప్పూ కారం తినే ఒళ్ళేనా అది? ఇరవై రోజులుగా వీధిలో పిల్లల్ని చంపబోయినవాడని వేళ్ళు చూపిస్తుంటే, ఒక్క మాట, ఒక్క తిట్టు, కనీసం ఒక్క ఏడుపు? ఏమీ లేదు. మౌనం, అన్నం సగంలో వదిలేయడం, అంతే.

"అవన్నీ సరేనమ్మా," అన్నాడు విచారణాధికారి. "నేను చూడాల్సింది ఒక్కటే. ఈయనకి పంతొమ్మిదేళ్ళ అనుభవం ఉంది. జలుబు చేస్తే మాత్రం, కడిగే మందు లాంటి ఘాటైన వాసన ఎంతో కొంత తెలియకుండా పోతుందా? తెలిసీ అలసత్వంతో వదిలేశాడని రిపోర్టులో రాశారు. అది అబద్ధమని ఎలా అనుకోను?"

మిరపకాయ ఈ ప్రశ్న కోసమే గ్లాసులు మోసుకొచ్చింది. రెండు మూతలూ తీసింది.

"రెంటిలోనూ పాలే సార్. ఒకదాంట్లో కడిగే మందు కలిపాను, ఆ రోజు క్యాన్లలో ఎంతుందో అంతే. దయచేసి తాగొద్దు. వాసన చూసి, ఏది మంచిదో చెప్పండి చాలు."

విచారణాధికారి మొదటి గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. రెండోది పెట్టుకున్నాడు. మళ్ళీ మొదటిది. పాపం, మనిషి నిజాయితీగానే ప్రయత్నించాడు. ముక్కు చీదుకుని మరీ ఇంకోసారి చూశాడు. బల్లకు రెండు బారల దూరంలో ఉన్న మేనేజరు ఈలోగా మొహం పక్కకి తిప్పుకుని, చేత్తో ముక్కు మూసుకున్నాడు.

"ఇది మంచిది," అన్నాడు విచారణాధికారి, ఎడమ చేతి గ్లాసు ఎత్తి.

"అది మందు కలిపింది సార్. అక్కడ కూర్చున్న మేనేజరుగారికి కూడా ఘాటు తగిలింది, చూడండి, ముక్కు మూసుకున్నారు. మీ ముక్కు కిందే ఉంది, మీకు తెలియలేదు."

విచారణాధికారి గ్లాసును ఎంతో జాగ్రత్తగా దూరంగా పెట్టాడు.

"మూడు రోజుల్నుంచీ జలుబు," అన్నాడు నెమ్మదిగా. "నిన్న రాత్రి నుంచి ఒళ్ళు వెచ్చగా ఉంది."

"మరెందుకొచ్చారు సార్?"

"తేదీ వేసేశారు. నా బదులు వచ్చే మనిషి లేడు."

"నా తండ్రికీ బదులు మనిషిని రానివ్వలేదండీ!" అంది మిరపకాయ. గొంతు ఒక్కసారిగా లేచింది. "మీరు జలుబుతో వచ్చి, జలుబుతో వచ్చాడని ఆయన మీద తీర్పు చెప్పబోతున్నారు. మీరు ఒక సంతకం తప్పుగా పెడితే ఒక మనిషి ఉద్యోగం పోతుంది. ఆయన ఒక వాసన పట్టుకోలేకపోతే ఇరవై ఏడు మంది పిల్లలు పడిపోయారు. ఆ పిల్లల్ని నేను చూశాను సార్, వార్డులో వరసగా పడుకుని ఉంటే. మా నాన్న తప్పేం చేయలేదని నేననను. మూసుకుపోయిన ముక్కుతో క్యాను ముందు నిలబడటం తప్పే. వంద సార్లు తప్పే. కానీ ఆ తప్పు చేయించడానికి గేటు దగ్గర ఒక బోర్డు కట్టి, దానికి రోజూ సుద్దముక్కతో పూజ చేసినవాళ్ళు ఎవరు?"

మేనేజరు ఇప్పుడు లేచాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి. "సార్, పోనీ ముక్కు పనిచేయలేదనే అనుకుందాం. సెలవు అడగొచ్చుగా? మాకో పద్ధతంటూ ఉంది. బదులు చీటీ పెట్టుకుంటే ఎవరు కాదంటారు?"

"బదులు చీటీ అంటే?" అన్నాడు విచారణాధికారి.

"నేను చెబుతాను," అంది మిరపకాయ. "ఒంట్లో బాగోలేనివాడు తన పని చేసే మనిషిని తనే వెతుక్కోవాలండీ. చీటీ రాసి హాజరు గుమస్తాకిస్తే, అది మేనేజరుగారు చూసి, తర్వాత ఆ బదులు మనిషి దగ్గరకు వెళుతుంది. వస్తాను, రాలేను అని రెండు మాటలు అచ్చువేసి ఉంటాయి. అక్కర్లేని మాట కొట్టేసి సంతకం పెట్టాలి. వస్తాను అంటేనే సెలవు. రాలేను అంటే, జ్వరమైనా జబ్బైనా మీరే రావాలి."

"ఈయనకి బదులు ఎవరు?"

"నేనేనండీ. ముక్కు పనికి ఈ ఫ్యాక్టరీ మొత్తంలో పేరున్న బదులు నేనొక్కదాన్నే. చిన్నప్పుడు అందరి పిల్లలూ బొమ్మలతో ఆడుకుంటుంటే, ఈయన నా కళ్ళకి గంతలు కట్టి గిన్నెలు వాసన చూపించేవాడు. ఆవు పాలేవి, గేదె పాలేవి, నిన్నటివేవి, అని." ఆమె గ్లాసుల మీద మూతలు తిరిగి పెట్టింది. "నేను ఉండేది వేరే ఇంట్లో, ఈయనకి జ్వరమని కూడా నాకు తెలియదు. నన్నెవరూ అడగలేదు సార్. ఒక్క మాట అడిగి ఉంటే, ఎన్ని పనులున్నా వదులుకుని వచ్చి నిలబడేదాన్ని. నన్ను అడగనివ్వలేదు. పంతొమ్మిదేళ్ళ రికార్డు పాడవుతుందని, ఆ చీటీ అనేది ఈయన చేతికే రానివ్వలేదు. కావాలంటే చీటీల ఫైలు తెప్పించండి. ఆ నెల ఫైల్లో మా నాన్న పేరుతో ఒక్క చీటీ ఉందేమో మీరే చూడండి."

"అంత దూరం ఎందుకు సార్," అన్నాడు మేనేజరు, చాలా త్వరగా. "పాత ఫైళ్ళు ఎక్కడో అడుగున ఉంటాయి. వెతకాలంటే పూట పడుతుంది."

"వద్దమ్మా," అన్న గొంతు బెంచీ వైపు నుంచి వినిపించింది.

ఇరవై రోజుల్లో తండ్రి నోట తనంతట తానుగా వచ్చిన మొదటి మాట అది. మిరపకాయ చటుక్కున తిరిగింది.

"ఏం వద్దు?"

"ఫైలు వద్దు. ఇక చాలు, ఇంటికి పోదాం. నాదే తప్పని రాసుకోనీ."

"నువ్వు ఊరుకో నాన్నా! నీ మంచితనం నీ దగ్గరే పెట్టుకో. నువ్వు నోరు విప్పవు, విప్పేవాళ్ళని విప్పనివ్వవు. వీళ్ళు నిన్ను తొక్కేస్తుంటే వాళ్ళ పాదాలు నొప్పెడతాయేమోనని సర్దుకునేలా ఉన్నావు. సార్, ఫైలు తెప్పించండి. తెప్పించేదాకా నేనిక్కడి నుంచి కదలను."

మేనేజరు వద్దంటున్నాడు, మేస్త్రి వద్దంటున్నాడు. ఆ ఇద్దరూ ఒకే మాట అనడం ఆ ఇరవై రోజుల్లో అదే మొదటిసారి. ఆలోచించే మనిషైతే అక్కడ ఒక్క నిమిషం ఆగి ఉండేది. కానీ కోపం వచ్చిన మిరపకాయకు ఆలోచించమని చెప్పడం కంటే పొయ్యిమీది పాలకు పొంగొద్దని చెప్పడం నయం.

విచారణాధికారి గంట నొక్కాడు. హాజరు గుమస్తా వచ్చాడు. ఎడమ చంకలో ఎప్పుడూ ఏదో ఒక కాగితాల కట్ట ఇరికించుకుని తిరిగే మనిషి. ఫైలు కోసం వెళ్ళి, పూట కాదు, మూడు నిమిషాల్లో తిరిగొచ్చాడు. అతను మేనేజరు వైపు చూశాడు. మేనేజరు కిటికీ వైపు చూశాడు.

పసుపు రంగు చీటీలు. విచారణాధికారి వేలు తడి చేసుకుంటూ ఒక్కొక్కటీ తిప్పాడు. తిప్పుతూ తిప్పుతూ ఆగాడు. కళ్ళజోడు సర్దుకుని మొదటి నుంచి చదివాడు.

"ముక్కు పని. దరఖాస్తుదారు... మీ నాన్నగారే. 'నిన్నటి నుంచి జ్వరం, జలుబు. వాసన తెలియడం లేదు. రేపటికి బదులు ఇప్పించగలరు.' తేదీ, పాలు పాడైన రోజుకి ముందురోజు."

మిరపకాయకు నమ్మకం కుదరలేదు. రాశాడు! పంతొమ్మిదేళ్ళలో ఒక్క చీటీ రాశాడు! వాసన తెలియడం లేదని తన చేత్తో రాసి ఇచ్చాడు!

"మేనేజరుగారూ," అన్నాడు విచారణాధికారి. దగ్గు పోయింది, గొంతు మారిపోయింది. "కింద 'చూశాను' అని సంతకం ఉంది. ఇది మీదేగా?"

మేనేజరు చీటీ మీదికి వంగి చూసి, తలూపాడు.

"ఈయనకి బాగోలేదని మీకు తెలియనే తెలియదన్నారు. ఇందాక గుండెమీద చెయ్యి వేసుకుని మరీ అన్నారు. మీ రిపోర్టులోనూ అదే రాశారు."

"రోజుకి ఎన్నో కాగితాలొస్తాయి సార్... చదవకుండా సంతకం..."

"చదవకుండా!" అంది మిరపకాయ. అరిచింది అనాలి. "ఒక మనిషి నాకు వాసన తెలియడం లేదు మొర్రో అని రాసిస్తే, చదవకుండా సంతకం పెట్టారా? ఆ సంతకం ఖరీదు ఇరవై ఏడు ఆసుపత్రి మంచాలు! చదవకుండా సంతకం పెట్టే చెయ్యి ఉంటే ఎంత, విరిగితే ఎంత? వినండి సార్, రాసుకోండి ఆ మాట. చదవలేదట!"

అన్ని రోజుల తర్వాత ఆమెకు గుండెల నిండా ఊపిరి అందింది. నాన్న గెలిచాడు. తండ్రి వైపు తిరిగింది, ఇక లే నాన్నా అందామని. ఆయన తల ఎత్తి ఆమెనే చూస్తున్నాడు. గెలిచిన మనిషి మొహం కాదది. రాబోయే దెబ్బ బిడ్డకు తగలకుండా ఎలా అడ్డం పడాలా అని చూసే మొహం.

"ఇంకో సంతకం కూడా ఉందమ్మా," అన్నాడు విచారణాధికారి. ఆయన గొంతులో ఇప్పుడు కోపం లేదు. చీటీని బల్లమీద ఆమె వైపు తిప్పి జరిపాడు. "మిమ్మల్నెవరూ అడగలేదన్నారు."

అచ్చువేసిన రెండు మాటలు. 'వస్తాను' అన్న మాట మీద అడ్డంగా ఒక గీత. 'రాలేను' అన్నది చెక్కుచెదరకుండా ఉంది. దాని కింద సంతకం. మొదటి అక్షరం కొక్కెంలా వంచి, చివర తోక కిందికి లాగి, కింద రెండు చుక్కలు. అలా సంతకం పెట్టే మనిషి ఆ ఫ్యాక్టరీలో ఒక్కరే ఉన్నారు.

ఆ గీత ఆమెది కాదు. ఒట్టు పెట్టి చెప్పగలదు. సంతకం మాత్రం ఆమెదే.

సాయంత్రం షిఫ్టు దిగే వేళ హాజరు గుమస్తా ల్యాబుకు కట్ట పట్టుకొస్తాడు. ఆ రోజు నమూనాల చీటీలు, నలభైకి తక్కువుండవు. ఒక్కొక్కటీ తిప్పడం ఆలస్యమని, మెట్లుమెట్లుగా పేర్చి, సంతకం చోటు మాత్రమే కనబడేలా క్లిప్పు పెట్టి తెస్తాడు. మిరపకాయ ఒక చేత్తో సంచీ భుజానికి తగిలించుకుంటూ, ఫ్రిజ్ మీద కట్ట ఆనించి, బస్సుకు టైమైందని గబగబా పైనుంచి కిందికి సంతకాలు లాగేస్తుంది. నలభై సంతకాలు, రెండు నిమిషాలు. అవీ పసుపు చీటీలే, ఆ రోజు వాటి మధ్యలోనే ఇదీ వచ్చి ఉండాలి. ఎన్నేళ్ళుగానో అంతే. ఏనాడూ ఒక్క ముక్క చదవలేదు.

ఇందాక అరిచిన మాటలన్నీ ఒక్కొక్కటే తిరిగొచ్చి ఆమె చెంపమీద కొట్టాయి. చదవకుండా సంతకం పెట్టే చెయ్యి.

దానికంటే పెద్ద దెబ్బ ఇంకా తగలాల్సి ఉంది. ఆ సాయంత్రం ఈ చీటీ ఎవరి చేతికి తిరిగి వెళ్ళిందో ఆమెకు అప్పుడు తట్టింది. జ్వరంతో వణుకుతూ, పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి ఒకరి సాయం అడిగిన మనిషి, కూతురు సంతకం చూసుకున్నాడు. రాలేను. ఎందుకు రాలేవమ్మా అని అడగలేదు. ఫోను కూడా చేయలేదు. దానికేం ఇబ్బందో ఏమో అనుకుని, పొద్దున్నే తలకు తువ్వాలు చుట్టుకుని క్యాన్ల ముందు నిలబడ్డాడు. ఇరవై రోజులుగా ఆయన నోరు మూసుకున్నది మేనేజరంటే భయంతో కాదు. కూతురి పేరు బయటికి రాకూడదని.

"మా నిబంధన స్పష్టంగా ఉందమ్మా," అన్నాడు విచారణాధికారి. "బదులు ఉండీ, సరైన కారణం చూపకుండా రాలేనంటే, ఆ రోజు పనికి జవాబు చెప్పాల్సింది బదులు మనిషే. మీ నాన్నగారు సెలవు అడిగారు కాబట్టి ఆయన మీద కేసు నిలవదు. మేనేజరుగారి సంగతి వేరే చూస్తాం. ఇప్పుడు చెప్పండి. ఈ సంతకం మీదేనా?"

బెంచీ కిర్రుమంది.

"కాదు సార్," అన్నాడు ముక్కు మేస్త్రి. లేచి నిలబడ్డాడు. ఆ గదిలో ఎవరూ అంతవరకూ వినని గట్టి గొంతు. "దానికేం తెలియదు. ఆ సంతకం నేనే పెట్టాను."

"దొంగ సంతకమా?" విచారణాధికారి కలం కింద పెట్టేశాడు. "ఏం మాట్లాడుతున్నారో తెలుసా? ఉద్యోగం పోవడంతో ఆగదు. పోలీసు కేసవుతుంది."

"తెలుసు సార్. రాసుకోండి."

మిరపకాయ తండ్రిని చూసింది. ఇరవై రోజులుగా నోరు విప్పు నాన్నా, విప్పు నాన్నా అని ప్రాణం తీసింది. ఇవాళ విప్పాడు, అబద్ధం చెప్పడానికి. ఆ క్షణంలో ఆయన కాళ్ళమీద పడాలనిపించిందో, ఆయన భుజాలు పట్టుకుని ఊపేయాలనిపించిందో ఆమెకే తెలియలేదు.

"ఒక తెల్లకాగితం ఇప్పించండి," అంది. "సంతకం పెట్టి చూపిస్తాను. పక్కపక్కన పెట్టి మీరే పోల్చుకోండి."

విచారణాధికారి కాగితం జరిపాడు, దానిమీద తన కలం పెట్టాడు. మేస్త్రి బల్లకు అవతలి నుంచి తల అడ్డంగా ఊపుతున్నాడు. వేరేగా పెట్టు తల్లీ, వేరేగా పెట్టు అని ఆ కళ్ళు బతిమాలుతున్నాయి. గుమ్మం దగ్గర హాజరు గుమస్తా చంకలోని కట్ట జారిపోతున్నా పట్టించుకోకుండా ఆమె చేతినే చూస్తున్నాడు.

ఆమె కలం తీసుకుని, జీవితంలో మొదటిసారి, సంతకం పెట్టబోయే కాగితాన్ని పైనుంచి కింది దాకా ఒకసారి చూసింది. అది ఖాళీ కాగితం. కలం ఆనించింది.